టవర్ ఎక్కీ ఎక్కీ మోచెయ్యి, మోకాలు, నడుము మూడూ పట్టేశాయి. విండ్ సైట్లలో చేసిన అన్నలు ఎవరన్నా చెప్పండి

కనిగిరి_విండ్:

అన్నలందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది కనిగిరి పక్కన పల్లె, ఒంగోల్లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి ఇప్పుడు అనంతపురం జిల్లా ఉరవకొండ వైపు గాలిమరల విండ్ ఫామ్‌లో సర్వీస్ టెక్నీషియన్‌గా చేస్తుండా, కాంట్రాక్టర్ కింద. కంపెనీ పేరు ఎందుకులే. మా సైట్లో పాత మెషిన్లే ఎక్కువ, టవర్ 80 మీటర్లు, లోపల లిఫ్ట్ లేదు, నిచ్చెన మీదే పోవాల. కొన్నిటికి క్లైంబ్ అసిస్ట్ (ఎక్కేటప్పుడు మన బరువు కొంత పైకి లాగే మోటారు బెల్టు) ఉండాది గానీ సగం వాటికి బెల్టు జారతందనో మోటార్ పోయిందనో ట్యాగ్ కట్టేసి ఉంటది.

విషయం ఏందంటే పీఎం సీజన్ (మెషిన్లు చెడిపోకముందే చేసే మెయింటెనెన్స్) మొదలైన కాడ్నుంచి ఒళ్ళు హూనమైపోతంది. గాలి లేని నెలల్లోనే పీఎంలన్నీ తోసేస్తారు గదా, ఆషాఢం గాలి ఎత్తుకునే లోపల అయిపోవాలని, అందుకని ఇప్పుడు పొద్దున ఒక లొకేషన్, మధ్యాన్నం ఇంకో లొకేషన్, మధ్యలో ఎక్కడన్నా మెషిన్ ట్రిప్ అయి ఆగిపోతే దానికీ మేమే. కుడి మోచెయ్యి లోపలి వైపు ఎముక కాడ పట్టుకుంటే జివ్వున లాగుద్ది, నీళ్ళ సీసా మూత తిప్పాలన్నా నొప్పే. మోకాళ్ళు ఎక్కేటప్పుడు బాగానే ఉంటాయి, దిగేటప్పుడు చిప్ప కింద సూదులు గుచ్చినట్టు. నడుము సంగతి చెప్పక్కర్లేదు, హబ్‌లో (రెక్కలు కలిసే గుండు లోపల) ముడుచుకుని కూర్చుని లేస్తే ముసలోడి మాదిరి వంగిపోయి నడవాల్సొస్తంది. నా వయసు ఇంకా 30 కూడా లేదు.

మందుల షాపులో అడిగితే డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర ఇచ్చాడు, వేసుకుంటే ఆ పూటకి తగ్గుద్ది. నడుము బెల్టు కొనుక్కుంటే పనికొస్తదా? ఎక్కే పద్ధతిలో ఏమన్నా తేడా ఉందా? సైట్ ఇంచార్జ్‌కి చెప్పాలా వద్దా? ఇంట్లో వాళ్ళేమో ఆ పని మానేసి వచ్చెయ్ అంటుండారు, మానేస్తే ఇక్కడ ఏముంది చెప్పండి.

గాలిమర_కావలి:

తమ్ముడూ నాది కావలి. తమిళనాడులో ముప్పందల్, కయత్తార్ సైట్లలో చాలా ఏళ్ళు చేసి ఇప్పుడు ఇంటికాడే ఉండి ఎత్తు పనుల ట్రైనింగ్ ఇస్తుండా. మోచెయ్యి లోపలి వైపు నొప్పి అన్నావు చూడు, ఆ ఒక్క మాటతోనే నువ్వు ఎట్టా ఎక్కుతుండావో తెలిసిపోతంది. చేతుల్తో లాగుతుండావు అబ్బయా. నిచ్చెన ఎక్కేది కాళ్ళతో. చేతులు ఒళ్ళు వెనక్కి పడకుండా పట్టుకోడానికే, పైకి లేపేది తొడలు. 80 మీటర్లంటే దాదాపు 280 మెట్లు, ప్రతి మెట్టుకీ పిడికిలి బిగించి లాగితే ఆ ముంజేతి కండరాలన్నీ పోయి అతుక్కునేది మోచేతి లోపలి ఎముక మీదే గదా, అది మండకుండా ఏం చేస్తది.

నడుము నిచ్చెనకి దగ్గరగా పెట్టు. పిర్రలు వెనక్కి పోయినాయంటే బరువంతా వేళ్ళ మీదకి వచ్చేస్తది. చెయ్యి తల కన్నా పైకి చాచొద్దు, ఛాతీకీ ముఖానికీ మధ్యలో ఉండే మెట్టు పట్టుకో. చెయ్యి పైకి లేపి ఉంచే కొద్దీ రక్తం సరిగ్గా అందక ముంజెయ్యి రాయి మాదిరి అయిపోతది, అది నీకు తెలిసే ఉంటది. పక్క కమ్మీలు పట్టుకునే అలవాటు ఉంటే మానుకో, కాలు జారినప్పుడు అడ్డ మెట్టు మీద పట్టు ఆగుద్ది గానీ నిలువు కమ్మీ మీద చెయ్యి సర్రున కిందకి పోద్ది. ఒక్కో మెట్టే ఎక్కు, రెండేసి మెట్లు దాటేసి హీరోయిజం వద్దు. పక్కన మనిషి ఉంటే మాట్లాడుతూ ఎక్కగలిగేంత స్పీడు, అంతే. మాట రాకుండా ఆయాసం వచ్చిందంటే స్పీడు ఎక్కువైనట్టు. ప్లాట్‌ఫామ్ రాగానే ముందు హ్యాచ్ (నిచ్చెన దారి మూత) మూసి, లాన్‌యార్డ్ (ఒంటి పట్టీలకి ఉండే సేఫ్టీ తాడు) తగిలించుకుని, అప్పుడు చేతులు కిందకి వేలాడేసి విదిలించు.

క్లైంబ్ అసిస్ట్ సంగతి. అది మామూలుగా 30 నుంచి 50 కిలోల దాకా బరువు తీసేస్తది. నువ్వు 70 కిలోలు అనుకో, హార్నెస్ (ఒంటి పట్టీలు) హుక్కులు బూట్లు హెల్మెట్ అన్నీ కలిపి ఇంకో పది కిలోలు వేసుకో, అందులో 40 అది మోస్తే నీ కాళ్ళ మీద పడేది సగమే. అంటే ఆ ట్యాగ్ కట్టేసిన మెషిన్ ఎక్కినప్పుడల్లా నువ్వు రెండు టవర్ల పని చేస్తుండావు. దాన్ని బాగు చేయించడం నీ ఒంటికి నువ్వు చేసుకునే మొదటి వైద్యం అనుకో. అయితే ఒకటి, అసిస్ట్ ఉంది గదా అని ఫాల్ అరెస్టర్ (కాలు జారితే బిగుసుకుని పడకుండా ఆపే స్లైడర్) తగిలించకుండా ఎక్కేవాళ్ళని చూశా. అసిస్ట్ పడిపోకుండా ఆపేది కాదు, ఊరికే బరువు తీసేది. ఛాతీ ముందు రింగుకి స్లైడర్ ఉండాల్సిందే.

ఇంకోటి, పని చేసేటప్పుడు ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని ఇంకో చేత్తో స్పానర్ తిప్పుతుంటారు మనోళ్ళు. రామాయపట్నం, ఉలవపాడు వైపు తాడిచెట్లు గీసేవాళ్ళని చూడు, మోకు చెట్టు చుట్టూ తిప్పి నడుముకి వేసుకుని వెనక్కి వాలి రెండు చేతులూ వదిలేసి పని చేసుకుంటారు. బరువు మోకు మీద, కాళ్ళ మీద ఉంటది, చేతులు ఖాళీ. మన హార్నెస్‌కి రెండు పక్కలా నడుము కాడ ఉండే రింగులు అందుకే, వర్క్ పొజిషనింగ్ తాడు తగిలించి వెనక్కి వాలు. కాకపోతే వాళ్ళకి లేనిది మనకి ఉండేది ఏందంటే రెండో తాడు. పొజిషనింగ్ తాడు ఒక్కదాని మీదే ఉండకూడదు, షాక్ అబ్జార్బర్ ఉన్న లాన్‌యార్డ్ వేరేగా ఎప్పుడూ తగిలించి ఉండాల.

కిట్ బ్యాగ్ వీపుకి తగిలించుకుని ఎక్కుతుండావా? నాసెల్‌లో (టవర్ పైన మెషిన్ గదిలో) చైన్ హోయిస్ట్ (బరువులు పైకి లాగే గొలుసు యంత్రం) ఉండేది దేనికి. స్పానర్లు, గ్రీజు బకెట్, పంపు అన్నీ దాంతో పోవాల. హార్నెస్‌కి కూడా ఒకే పక్కన ఉన్న హుక్కులన్నీ వేలాడదియ్యొద్దు, రెండు పక్కలా సమానంగా పెట్టు, నడుము ఒక పక్కకి గుంజుతది. బూట్ల అడుగు మెత్తగా ఉంటే మార్చు, మెట్టు మీద పాదం వంగిపోయి అరికాలు నొప్పి, దాన్నుంచి మోకాలు. గ్లోవ్స్ మరీ లావువి వద్దు, లావు గ్లోవ్ వేసుకుంటే అదే మెట్టు పట్టుకోడానికి ఇంకా గట్టిగా బిగించాల.

పామూరు_బుల్లోడు:

బ్రో సేమ్ టు సేమ్. నాది కర్నూలు వైపు సైట్. మోకాళ్ళకి జెల్ క్యాప్ వేసుకుంటుండా, హబ్‌లో పాకేటప్పుడు బాగుంది, ఎక్కేటప్పుడు మాత్రం వెనక మడత కాడ ఒరుసుకుని పుండు పడింది. నీ పోస్టు ఫాలో అవుతుండా.

పొగతోట_ఫిజియో:

నేను నెల్లూరులో ఫిజియోథెరపిస్టుని. మా దగ్గరకి టవర్ ఎక్కేవాళ్ళు, కరెంటు లైన్‌మెన్లు, సెల్ టవర్ వాళ్ళు వస్తూనే ఉంటారు, కథ దాదాపు ఇదే. చెయ్యి పెట్టి చూడకుండా ఖచ్చితంగా చెప్పలేను గానీ నువ్వు చెప్పిన దాన్ని బట్టి నాలుగు మాటలు చెప్తాను తమ్ముడూ.

ముందు ఆ మాత్ర గురించి. డైక్లోఫెనాక్ వేసుకుని ఎండాకాలం టవర్ లోపల చెమటలు కక్కుకుంటూ పనిచేయడం చాలా చెడ్డ కాంబినేషన్. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఆ జాతి మాత్రలు కిడ్నీకి పోయే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. అసలే మన కనిగిరి, పీసీపల్లి వైపు కిడ్నీ కేసులు ఎక్కువ, ఇంట్లో ఎవరికైనా ఉంటే మరీ జాగ్రత్త. పైగా నొప్పి తెలియకుండా చేసుకుని ఎక్కితే దెబ్బ తగిలిన చోటే మళ్ళీ మళ్ళీ లాగుతున్నావన్న సంగతి నీకు తెలియదు. రోజూ వేసుకుంటుంటే ఈరోజే ఆపి డాక్టర్‌కి చూపించుకో, ఒకసారి క్రియాటినిన్ టెస్టు (కిడ్నీ పనితీరు తెలిపే రక్త పరీక్ష) చేయించుకో, ఖర్చు తక్కువే.

కనిగిరి అన్నావు కాబట్టి ఇంకో మాట. చిన్నప్పుడు బోరు నీళ్ళు తాగి పెరిగావా? పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు ఉన్నాయా? ఆ ప్రాంతంలో నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలిసిందే, ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు, వెన్ను బిగుసుకుంటాయి. నీ నొప్పులు పని పెరిగినప్పుడే పెరిగాయి కాబట్టి పని వల్లే అనిపిస్తుంది, కానీ డాక్టర్‌కి ఈ ముక్క కూడా చెప్పు, చాలామంది చెప్పరు.

మోచేతి లోపలి వైపు నొప్పి పిడికిలి బిగించే కండరాల స్నాయువుది (కండరాన్ని ఎముకకి అతికించే తాడు లాంటిది). కావలి అన్న చెప్పింది సరైనదే. బయటి వైపు నొప్పి ఉంటే అది వేరే కండరాలది, బరువైన రెంచ్‌ని అరచెయ్యి కిందకి పెట్టి ఎత్తేవాళ్ళకి వస్తుంది. ఇది వాపు కంటే ఎక్కువగా మోయలేనంత పని పడి ఆ స్నాయువు అరిగిపోవడం, అందుకే పూర్తిగా రెస్ట్ ఇచ్చినా మళ్ళీ ఎక్కగానే తిరగబెడుతుంది. దానికి మెల్లగా బలం పెంచాలి. బల్ల మీద ముంజెయ్యి ఆనించి, అరచెయ్యి పైకి పెట్టి, నీళ్ళ సీసా లాంటి చిన్న బరువు పట్టుకుని మణికట్టు కదలకుండా ముప్పావు నిమిషం ఆపడం, కాస్త ఆగి మళ్ళీ, అలా నాలుగైదు సార్లు. కొన్ని వారాలకి నొప్పి తగ్గాక అదే బరువుని నెమ్మదిగా కిందకి దించే వ్యాయామం. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉన్నా పర్లేదు, మర్నాడు పొద్దుటికి పెరిగి ఉంటే మాత్రం బరువు తగ్గించు. ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటే తొందరపడొద్దు. మోచెయ్యి బయటి వైపు నొప్పి మీద చేసిన పరిశోధనల్లో తేలింది ఏంటంటే మొదటి కొన్ని వారాలు బ్రహ్మాండంగా ఉంటుంది, ఏడాది తిరిగే సరికి ఇంజెక్షన్ చేయించుకున్న వాళ్ళే చేయించుకోని వాళ్ళ కంటే వెనకపడి ఉంటున్నారు.

మోకాలు దిగేటప్పుడే నొప్పి అంటే చిప్ప వెనక ఒత్తిడి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి, అది ఎక్కడం కంటే కష్టమైన పని. గోడకి ఆని కుర్చీలో కూర్చున్నట్టు ఆగడం, తక్కువ ఎత్తు మెట్టు మీద నుంచి ఒక కాలితో నెమ్మదిగా దిగడం మొదలుపెట్టు, పిరుదు కండరాలకి కూడా.

నడుము బెల్టు. అమెరికా నియోష్ (పనివాళ్ళ ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళు 1994లోనే చెప్పారు, ఆరోగ్యంగా ఉన్న పనివాళ్ళకి బెల్టు వల్ల నడుము దెబ్బలు ఆగుతాయనడానికి ఆధారం లేదని. పైగా హార్నెస్ కింద బెల్టు వేస్తే పట్టీలు సరిగ్గా కూర్చోవు. డబ్బు దండగ. దానికి బదులు ఒకటి చెయ్యి, హబ్‌లో ముడుచుకుని అరగంట పనిచేశాక లేచిన వెంటనే బరువు ఎత్తొద్దు. అంతసేపు వంగి ఉంటే వెన్ను లిగమెంట్లు సాగిపోయి ఉంటాయి, అవి మళ్ళీ బిగుసుకునే దాకా నడుముకి కాపు ఉండదు. లేచి నిలబడి, చేతులు నడుము మీద పెట్టి మెల్లగా వెనక్కి వాలి, ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ కదిలి అప్పుడు ఎత్తు.

ఒకవేళ కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, ఒంటేలు ఆపుకోలేకపోయినా ఫిజియో కోసం చూడొద్దు, ఆ రోజే పెద్దాసుపత్రికి పో.

సేఫ్టీ_సింగరాయకొండ:

కావలి అన్న, ఫిజియో మేడం చెప్పినవి అన్నీ కరెక్టు గానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. ఇద్దరూ కుర్రోడి ఒంటినే బాగు చేస్తుండారు. అతని పోస్టు మళ్ళీ చదవండి. పొద్దున ఒక టవర్, మధ్యాన్నం ఇంకో టవర్, మధ్యలో బ్రేక్‌డౌన్. ఎంత పద్ధతిగా ఎక్కినా ఆ లెక్కన ఎక్కితే ఏ మోచెయ్యి అయినా పోద్ది. ఇది పద్ధతి సమస్య కన్నా షెడ్యూల్ సమస్య. నేను సేఫ్టీ ఆఫీసర్‌ని, పోర్టు పనుల్లోనూ విండ్‌లోనూ చేశా, అందుకే చెప్తుండా.

మన రాష్ట్రంలో గాలి బాగా వీచేది నైరుతి రుతుపవనాల్లో, అప్పుడు మెషిన్ ఆపితే కరెంటు పోద్ది కాబట్టి మెయింటెనెన్స్ అంతా దానికి ముందే. అంటే బోల్టులు బిగించే పనీ, గ్రీజు పనీ అన్నీ సరిగ్గా ఎండలు ముదిరే నెలల్లోనే వచ్చి పడతాయి. మొత్తం ఏడాది పనిని మూడు నాలుగు నెలల్లోకి కుక్కితే దెబ్బలు కూడా ఆ నెలల్లోనే. దీన్ని టెక్నీషియన్ ఒక్కడే మార్చలేడు, ప్లానింగ్‌లో మారాల. ఎలక్ట్రికల్ చెకింగ్‌లు, కింద కంట్రోల్ ప్యానల్ పనులు, ట్రాన్స్‌ఫార్మర్ యార్డ్ పనులు ముందు నెలల్లోకో తర్వాత నెలల్లోకో జరపొచ్చు. టార్క్ పని (బోల్టులు లెక్క ప్రకారం బిగించేది) పడిన రోజు ఆ పని చేసిన ఇద్దరికీ రెండో టవర్ పెట్టకూడదు. ఎక్కేవాడికీ కింద ఉండేవాడికీ రోజు మార్చి రోజు మార్పు ఉండాల.

ఇంకా ముఖ్యం, ఎక్కే సార్లే తగ్గించడం. నా లెక్కలో టెక్నీషియన్ ఒంటికి చేసే అతి పెద్ద ద్రోహం మర్చిపోయిన స్పానర్. ఒక సాకెట్ సైజు తప్పు తెచ్చుకున్నందుకు కిందకి దిగి మళ్ళీ 80 మీటర్లు ఎక్కినోళ్ళని ఎంతమందిని చూశానో. బయల్దేరేముందు జాబ్ కార్డు చూసి ఫిల్టర్, సీలు, బ్రష్షులు, సాకెట్లు అన్నీ బండిలోనే సర్దుకుని చెక్ చేసుకుంటే, హోయిస్ట్‌కి ఎత్తేవి ఎత్తి, అన్నం నీళ్ళు కూడా పైకే పంపించుకుంటే రోజుకి ఒక ఎక్కడం మిగులుద్ది. ట్రిప్ వచ్చినా ముందు కంట్రోల్ రూమ్ నుంచి స్కాడాలో (మెషిన్ల సమాచారం చూపించే కంప్యూటర్లో) చూసి ఏ అలారమో తెలుసుకుని ఎక్కాల, ఊరికే చూసొద్దాం అని ఎక్కడం ఏంది.

బరువుల లెక్క చెప్తా. నియోష్ సూత్రంలో అన్నీ అనుకూలంగా ఉంటే ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. అనుకూలం అంటే వస్తువు ఒంటికి ఆనుకుని, నడుము తిరగకుండా, మంచి పట్టు ఉండి. అదే వస్తువుని చేతులు చాచి ఒంటికి 63 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఆ లెక్క 9 కిలోలకి పడిపోద్ది. ఇప్పుడు హబ్‌లో మీరు రెక్కల కోణం తిప్పే పిచ్ మోటార్నో బ్యాటరీనో ఎట్టా పట్టుకుంటారో ఆలోచించుకో, ఒక మోకాలు కింద, ఒక కాలు ఇంకెక్కడో, చేతులు చాచి, నడుము తిప్పి. అక్కడ 15 కిలోలు కూడా ఎక్కువే. అందుకని చిన్న చైన్ బ్లాక్ కట్టుకోవడం, ఇద్దరు పట్టుకోవడం, రోటర్‌ని తిప్పి పని మన ముందుకి వచ్చే పొజిషన్‌లో లాక్ వేసుకోవడం. రోటర్ లాక్ వెయ్యకుండా హబ్‌లోకి పోయే మాటే లేదు, అది మీకు చెప్పాల్సిన పని లేదనుకుంటా.

హైడ్రాలిక్ టార్క్ రెంచ్ కాడ నడుము కన్నా వేళ్ళు ముఖ్యం. రియాక్షన్ ఆర్మ్ (రెంచ్ తిరిగిపోకుండా ఆపే చెయ్యి) దేనికి ఆనుకుంటుందో ఆ సందులో వేలు ఉంటే 700 బార్ల ప్రెషర్ ముందు ఎముక ఎంత. రెంచ్ పట్టుకున్నోడి చేతిలోనే రిమోట్ ఉండాల, పంపు కాడ ఉన్నోడు అరుపుల మీద నొక్కే పద్ధతి వద్దు. రెంచ్ ఎత్తి పెట్టేవాడు ఫ్లాంజ్ (బోల్టులుండే గుండ్రటి అంచు) పావు భాగం అయ్యాక మారిపోవాల. తల పైన బోల్టులైతే స్ప్రింగ్ బ్యాలెన్సర్‌కి వేలాడదీసుకోండి.

ఎండ గురించి. రోహిణి కార్తెలో ఆ ఇనప గొట్టం లోపల, పైన నాసెల్‌లో గేర్‌బాక్స్ వేడి కూడా తోడై బయట కన్నా ఎక్కువగా ఉడికిపోద్ది. పొద్దున్నే చీకటితో బయల్దేరి పదకొండు లోపల పై పని అయిపోవాల. ఇరవై నిమిషాలకొకసారి ఒక గ్లాసు నీళ్ళు, దాహం వేసినా వెయ్యకపోయినా. మనోళ్ళు పైన ఒంటేలుకి పోయే దారి లేదని పొద్దున్నుంచీ నీళ్ళే తాగరు, నాకు తెలుసు. వెడల్పు మూతి సీసా ఒకటి విడిగా పెట్టుకోండి, సిగ్గు పడితే రాళ్ళు పడతాయి కిడ్నీలో. ఊరికి పోయి వారం పది రోజులు ఉండి తిరిగొచ్చినోడిని మొదటి రోజే ఫుల్ పనికి ఎక్కించకూడదు. అనుభవం ఉన్నోడైతే మొదటి రోజు సగం, రెండో రోజు 60 శాతం, మూడో రోజు 80, నాలుగో రోజు పూర్తిగా. కొత్తోడైతే 20 శాతంతో మొదలుపెట్టి రోజుకి 20 పెంచాల. నీరసంతో ఎక్కితే కాలు తడబడేది, పట్టు జారేది అప్పుడే.

సైట్ ఇంచార్జ్‌కి చెప్పాలా అన్నావు. చెప్పాల, రాతలో. ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కార్డు ఉందా? జీతం నెలకి 21,000 లోపు ఉంటే ఉండాలి. పని వల్ల దెబ్బ అని రికార్డైతే పనిచెయ్యలేని రోజులకి జీతంలో 90 శాతం వస్తది, మామూలు జబ్బు కిందైతే 70 శాతం, అదీ ఏడాదికి 91 రోజులే. తేడా ఎక్కడుందో చూశావా. జారి పడితే అందరికీ తెలుస్తది, మోచెయ్యి నొప్పి నెమ్మదిగా వస్తది కాబట్టి పుస్తకంలో ఎక్కకపోతే రేపు పని వల్లే అని నిరూపించడం కష్టం.

పామూరు_బుల్లోడు:

సార్ మీరు పర్మినెంట్ కాబట్టి అట్టా అంటుండారు. మా సైట్లో ఒకడు భుజం నొప్పి అని రాసిచ్చాడు, రెస్ట్ తీసుకో అన్నారు, రెస్ట్ అయ్యాక ఫోన్ చేస్తే మనిషి దొరికాడులే అన్నారు. కాంట్రాక్ట్ వాళ్ళకి ఈ రాతకోతలన్నీ మెడకి చుట్టుకుంటాయి.

సేఫ్టీ_సింగరాయకొండ:

అది జరుగుద్ది, లేదనను. దానికి నా కాడ పూర్తి సమాధానం లేదు. కానీ చేసే దారి ఒకటుంది. ఒక్కడు నాకు నొప్పి అని రాస్తే అతను బలహీనుడు అయిపోతాడు. అదే పొద్దున టూల్ బాక్స్ టాక్‌లో (పని మొదలయ్యే ముందు సేఫ్టీ మీటింగ్‌లో) నలుగురు కలిసి ఫలానా ఫలానా లొకేషన్లలో క్లైంబ్ అసిస్ట్ పనిచెయ్యడం లేదు అని రిజిస్టర్‌లో రాయించండి. అది మనిషి మీద కంప్లైంట్ కాదు, మెషిన్ మీద. రేపు ఎవరికన్నా ఏదన్నా అయితే ఆ రిజిస్టర్ మాట్లాడుద్ది అని ఇంచార్జ్‌కి కూడా తెలుసు, అందుకని వాళ్ళు కదులుతారు. ఇంకా మీకు గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్ (విండ్ పనుల ట్రైనింగ్ ప్రమాణాలు పెట్టే సంస్థ) సర్టిఫికెట్లు ఉంటే అందులో మాన్యువల్ హ్యాండ్లింగ్ (బరువులు ఎత్తే పద్ధతి) కూడా ఒక మాడ్యూల్, రెండేళ్ళకొకసారి రిఫ్రెషర్. అక్కడ నేర్పిన పద్ధతి సైట్లో ఎందుకు లేదు అని అడగడానికి అది కూడా ఒక ఆధారం.

నాయుడుపేట_బ్లేడ్:

టవర్ ఎక్కే పని కాదు గానీ బ్లేడ్లు తయారు చేసే పనిలో ఉండా, శాండింగ్, గ్రైండింగ్. అక్కడ నేల మీదే ఉంటాం, అయినా సాయంత్రానికి వేళ్ళు జిమ్మంటాయి, మిషన్ వైబ్రేషన్ వల్ల. మాకు నేర్పింది ఏందంటే మిషన్‌ని అదిమి పట్టొద్దు, దాని బరువుతో అదే తిననియ్యి, అరిగిపోయిన డిస్కు మార్చెయ్, అరిగిన డిస్కు ఎక్కువ కొట్టుకుంటది. నీకు రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కి మెలకువ వస్తే ఏ వేళ్ళో గమనించుకో తమ్ముడూ, బొటనవేలు వైపు వేరే నరం, చిటికెన వేలు వైపు వేరే నరం అని మా డాక్టర్ చెప్పాడు.

పొగతోట_ఫిజియో:

కరెక్టుగా చెప్పారు. బొటనవేలు, చూపుడు, మధ్య వేలు అయితే మణికట్టు దగ్గర నరం. ఉంగరం వేలు, చిటికెన వేలు అయితే మోచెయ్యి లోపలి వైపు పోయే నరం, అది నీ నొప్పి ఉన్న చోటు పక్కనే ఉంటుంది, కాబట్టి ఆ రెండు వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే తప్పకుండా చూపించుకో.

కనిగిరి_విండ్:

అందరికీ చాలా థాంక్స్ అన్నా, అక్కా, ఇంత వస్తదని అనుకోలా. రెండు రోజులు లీవ్ పెట్టి ఊరొచ్చి ఒంగోల్లో ఎముకల డాక్టర్‌కి చూపించుకున్నా. స్నాయువు దెబ్బే అన్నాడు, వేళ్ళ తిమ్మిరి లేదు. క్రియాటినిన్ బాగానే ఉంది, మాత్రలు ఆపించాడు. పళ్ళ మచ్చలు ఉండాయి అక్కా, మా ఇంట్లో అందరికీ ఉండాయి, డాక్టర్‌కి చెప్తే వెన్ను ఎక్స్‌రే తీయించాడు, ఇప్పటికైతే ఏం లేదన్నాడు.

సైట్లో మా బ్యాచ్ వాళ్ళతో మాట్లాడా ఫోన్లో. రిజిస్టర్ ఐడియా వాళ్ళకి నచ్చింది, నలుగురం సంతకం పెట్టి అసిస్ట్ పనిచెయ్యని లొకేషన్ నంబర్లు రాస్తాం. టార్క్ పడిన రోజు రెండో టవర్ వద్దు అని అడిగితే ఇంచార్జ్ ఒప్పుకుంటాడో లేదో తెలీదు, ఆయన మీద కూడా పైనుంచి ఒత్తిడి ఉండాది, పాపం మనిషి మంచోడే. అన్నం పైకి తీసకపోయే పని మాత్రం రేపట్నుంచే, దానికి ఎవుర్నీ అడగబన్లేదు.

ఇంకో డౌట్. డాక్టర్ మోచేతికి పట్టీ ఇచ్చాడు, దాన్ని నొప్పి ఉన్న ఎముక మీదే కట్టుకోవాలా? కట్టుకుంటే చెయ్యి బరువుగా ఉండాది. ఇంకా దిగేటప్పుడు మోకాలికి ఏదన్నా చిట్కా ఉంటే చెప్పండి.

గాలిమర_కావలి:

దిగేది నేను చెప్తా, పట్టీ సంగతి మేడం చెప్తది. పైన పని అయిపోగానే గబగబా దిగేస్తారు ఇంటికి పోవాలని, అక్కడే మోకాళ్ళు పోయేది. దిగే ముందు నాసెల్‌లో కాళ్ళు కొంచెం ఆడించి, నీళ్ళు తాగి బయల్దేరు. కాలు కింద మెట్టు మీద ఆనాకే పై కాలి మీద బరువు వదులు, దబ్బున జారనియ్యొద్దు. మోకాళ్ళు నిచ్చెనకి గుద్దుకోకుండా కొంచెం బయటకి తెరిచి దిగితే చిప్ప మీద పడేది తగ్గుద్ది. క్లైంబ్ అసిస్ట్ దిగేటప్పుడు కూడా పనిచేసే రకం అయితే తగిలించుకునే దిగు, ఎక్కేటప్పుడే అనుకుంటారు చాలామంది. ప్రతి ప్లాట్‌ఫామ్ కాడా ఆగు, కిందోడు సెక్షన్ దాటి హ్యాచ్ మూశాకే నువ్వు దిగు.

పొగతోట_ఫిజియో:

పట్టీ ఎముక మీద కాదు. నొప్పి ఉన్న చోటు నుంచి ముంజేతి వైపు రెండు వేళ్ళ వెడల్పు కిందకి, కండ లావుగా ఉండే చోట కట్టాలి. చెయ్యి వదులుగా పెట్టి కట్టుకుని పిడికిలి బిగించినప్పుడు పట్టీ ఒత్తుకున్నట్టు తెలియాలి, వదిలేస్తే ఒత్తిడి తగ్గాలి. వదిలేసినా చెయ్యి బరువుగా, వేళ్ళు చల్లగా, జిమ్మని ఉంటే మరీ బిగువైనట్టే, ఒక గడి వదులు చెయ్యి. పనిలో ఉన్నప్పుడే వాడు, పడుకునేటప్పుడు తీసెయ్యి. ఇందాక చెప్పిన వ్యాయామం పట్టీ తీసేసి చెయ్యాలి.